స్టోరు గది గోడకున్న కన్నం

1998 ఫిబ్రవరిలో నన్ను అహ్మదికి దిగువన, సముద్రం ఒడ్డునున్న ఒక పాత బ్రిటిష్ కాపలా పోస్టు మరమ్మతుకు సైట్ ఇంజనీరుగా వేశారు. అప్పటికి నేను కువైట్ వచ్చి ఆరేళ్ళయింది. అంతవరకూ గల్ఫ్ యుద్ధంలో దెబ్బతిన్న గోదాములు, పంపుహౌసులు బాగుచేయించడమే నా పని. ఎక్కడో ఇసుకలో పడున్న నాలుగు గోడలకు ఇంజనీరెందుకని ఆఫీసులో అందరూ నవ్వారు. నేను మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాను. పాత కట్టడాల పని విషయంలో కువైట్‌లో అప్పుడున్న మనవాళ్ళలో నా అంత తెలిసినవాడు లేడని నా నమ్మకం. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ నమ్మకం పోలేదు.

ముందు ఆ పోస్టు సంగతి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి కువైట్‌ను పాలించేది షేకులే అయినా, బయటి దేశాలతో వ్యవహారాలు, సముద్రం మీద నిఘా ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉండేవి. ఆ ఇంగ్లీషువాళ్ళు గల్ఫ్ తీరాన్నంతా మన దేశంలో ఉన్న తమ ప్రభుత్వం ద్వారానే నడిపించేవారు. కువైట్ బజారులో మన రూపాయలే చెల్లేవి. ఇలాంటి మారుమూల పోస్టులో ఒక తెల్ల అధికారి, బొంబాయి నుంచి వచ్చిన ఒక గుమస్తా, కాపలాకు నలుగురైదుగురు ఊరివాళ్ళు ఉండేవారు. వచ్చేపోయే పడవలను కనిపెట్టడం, యుద్ధకాలంలో కరువైన చక్కెర, గుడ్డ, కిరసనాయిలు దొంగచాటుగా ఒడ్డు దాటకుండా చూడడం వాళ్ళ పని. యుద్ధం ముదిరాక ఒక వైర్‌లెస్ యంత్రం, దాన్ని నడిపే మనిషి వచ్చి చేరారు.

తొంభయ్యో సంవత్సరపు దండయాత్రలో సైనికులు ఆ పోస్టును కూడా వాడుకున్నారు. అందుకని ఒడ్డున మందుపాతరలు లేవన్న ధ్రువపత్రం చేతికొచ్చాకే మేం పలుగు పెట్టాలి. అది వచ్చేసరికి మార్చి సగమైంది. మేస్త్రీలను ఫర్వానియా నుంచి కంపెనీ బస్సులో తెచ్చుకునేవాళ్ళం. మా హెడ్ మేస్త్రీ సత్యం, కోనసీమ మనిషి. మొదటి రోజు బస్సు దిగి, తువ్వాలు తలకు చుట్టుకుని, ఆ ఇంటిని ఒకసారి ఎగాదిగా చూశాడు.

"ఇదేం ఇల్లండీ బాబూ, మన రేవులో బంగళా ఎత్తుకొచ్చి ఇక్కడ పడేశారేటి?" అన్నాడు.

వాడన్నది అక్షరాలా నిజం. ఉద్యోగం మొదట్లో నేను కాకినాడ వైపు రేవు బంగళాల మరమ్మతు చూసేవాణ్ణి. అదే ఇల్లు. దక్షిణం వైపు పొడుగాటి వరండా. దాని వెనక మూడు గదులు. వాయవ్య మూల కిటికీ లేని స్టోరు గది. ఆవరణలో విడిగా కాపలావాళ్ళ పాక. ఇంగ్లీషువాళ్ళ కట్టడాల విభాగంలో దీన్ని టైప్ ప్లాను అనేవారు. ఒకసారి గీసి పై అధికారులు ఒప్పుకున్న నమూనా అది. తర్వాత ఏ తీరంలో పోస్టు కావాలన్నా మళ్ళీ ఆలోచించే పని లేదు. ఆ కాగితం తీసి కట్టేయడమే. మారిస్తే మళ్ళీ పైనుంచి మంజూరు తెచ్చుకోవాలి, యుద్ధకాలంలో అది తెమిలే పని కాదు. ఇక్కడ వాళ్ళు మార్చగలిగింది సరుకు ఒక్కటే. ఇటుకకు బదులు సముద్రపు రాయి, సున్నానికి బదులు జిప్సం గార, టేకు దూలాలకు బదులు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చిన మడ కర్రలు వాడారు. ఆ మడ కర్రలను చూసి, తమ వైపు మడ అడవులు గుర్తొచ్చి సత్యం మురిసిపోయాడు.

చిక్కల్లా గాలితో వచ్చింది. మన కోస్తాలో వేసవిలో పడమటి గాలి, వాయవ్యపు గాలి అంటే వడగాలే. అందుకే ఆ వైపు గోడ మూసేస్తాం. దక్షిణం నుంచి, ఆగ్నేయం నుంచి సముద్రపు చల్లగాలి వస్తుంది కాబట్టి అటు వరండా పెడతాం. ఆ నమూనా గీసినవాడెవడో మన తీరానికి చక్కగా ఆలోచించే గీశాడు. కువైట్‌లో అంతా తిరగబడుతుంది. ఇక్కడ దక్షిణపు గాలి వచ్చిందంటే ఒళ్ళంతా జిగట, ఊపిరాడదు. వాయవ్యం నుంచి వచ్చే గాలిని షమాల్ అంటారు. దుమ్ము తెస్తుంది, వేడిగానూ ఉంటుంది, అయినా ఒంటి మీద చెమట ఆరేది దానివల్లే. పాతకాలపు కువైటీలు ఇల్లు కడితే ఆ గాలి కోసమే గోడలో సందులు పెట్టుకునేవారు. ఈ పోస్టు కట్టినవాళ్ళు పనికొచ్చే గాలిని గోడ కట్టి ఆపేసి, పనికిరాని గాలికి వరండా పరిచారు.

ఆ మూసిన గోడకే, స్టోరు గది వైపు, ఒక కన్నం ఉంది. అంటే ఒకప్పుడు ఉండేది. మేం చూసేనాటికి రాళ్ళూ మట్టీ కుక్కి మూసేసి ఉంది. నేల నుంచి మోకాలి ఎత్తులో మొదలై, ఒక గోతం పట్టేంత వెడల్పుంది. ఆ తీరంలో పాతవాళ్ళందరికీ దాని కథ తెలుసు. యుద్ధకాలంలో ఒక కాపలావాడు స్టోరుకు కన్నం వేసి, చక్కెర బస్తాలు పడవలవాళ్ళకు దాటించాడట. తనిఖీకి వచ్చిన అధికారి పట్టుకుని, ఉద్యోగం పీకేసి, కన్నం మూయించాడట. దొంగను అరబ్బీలో హరామీ అంటారు. ఆ గోడకు హరామీ గోడ అనే పేరు స్థిరపడిపోయింది.

పని మీద పైవాడు మిస్టర్ విల్మట్. పాత కట్టడాల సలహాదారుగా ఇంగ్లండు నుంచి వచ్చాడు. నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు, మాట తూచి మాట్లాడేవాడు. ఆ టైప్ ప్లాను నకలు ఒకటి ఎక్కడో సంపాదించి, గొట్టంలో చుట్టి పట్టుకు తిరిగేవాడు. ఆయన సిద్ధాంతం ఒక్కటే. ప్లానులో ఉన్నది ఉంచాలి, తర్వాత చేర్చినవీ పగలగొట్టినవీ సరిచేసి కట్టడాన్ని మొదటి రూపానికి తేవాలి. కాబట్టి కన్నాన్ని మంచి రాయితో శాశ్వతంగా పూడ్చేసి, పక్కన ఒక బోర్డు పెట్టి, దొంగ సరుకు దాటించిన చోటు ఇదీ అని రెండు భాషల్లో రాయాలని ఆయన నివేదిక. జనానికి అలాంటి కథలంటే సరదా అని ప్రభుత్వ విభాగం తరఫున వచ్చే యువ అధికారి ఫహద్ కూడా తలూపాడు. గార పని మొదలయ్యేలోగా పూడ్చడం అయిపోవాలని నాకు ఆర్డరు వచ్చింది.

సరిగ్గా అప్పుడే అబూ సాలెం వచ్చాడు.

తెల్లటి పికప్పులో వచ్చి, కంచె బయట ఆపుకుని, ఇంజను కట్టేసి కూర్చునేవాడు. మొదట ఎవరో కాలక్షేపానికి వచ్చిన ముసలాయన అనుకున్నాం. రోజూ వస్తుంటే నేనే వెళ్ళి సలాం చెప్పాను. ఆయన చక్కటి బొంబాయి హిందీలో మాట్లాడాడు. కుర్రతనంలో పడవల మీద చాలాసార్లు మన దేశం వచ్చాడట. ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, తిన్నగా విషయంలోకి వచ్చాడు. ఆ కాపలావాడు తన తండ్రి.

ఉద్యోగం పోయాక సరుకున్న పడవ మీద ఆయన్ను ఎవరూ ఎక్కించుకోలేదట. మంచినీళ్ళు మోసి పిల్లలను పెంచాడట. ఇంటి మీద పడ్డ ఆ పేరు మాత్రం ఇప్పటికీ వదల్లేదు. పెళ్ళిళ్ళలో, దివానియాలో, అంటే మగవాళ్ళు సాయంత్రం కూర్చునే చావడిలో, ఎవడో ఒకడు నవ్వుతూ గోడ మాటెత్తుతాడు. అదైనా నోటి మాట, తన తరంతో పోతుందిలే అనుకున్నాడు అబూ సాలెం. ఇప్పుడు బోర్డు మీద రాస్తారని, బడిపిల్లలను తీసుకొచ్చి చూపిస్తారని విన్నాడు. ఆయన మనవడు చదివే బడి ఆ పక్క పేటలోనే ఉంది.

"వాడు చదవడం నేర్చుకున్నది దీనికేనా, యా మొహందిస్?" అన్నాడు. మొహందిస్ అంటే ఇంజనీరు. ఆయన నన్ను చివరిదాకా అలాగే పిలిచాడు.

మీ నాన్న దొంగ కాదంటారా అని అడిగాను. నాకు నోటి దురుసు కాస్త ఎక్కువ. తనకు తెలియదన్నాడు. అప్పటికి తను చిన్నపిల్లాడు. తర్వాత తండ్రి ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు, తనకు అడిగే ధైర్యం చాలలేదు. బోర్డు పెట్టొద్దని ఆయన నన్ను బతిమాలలేదు. అసలేం జరిగిందో గోడను చూసి చెప్పగలవా అని మాత్రమే అడిగాడు.

గోడ ఏం చెబితే అదే చెబుతాను, మీకు నచ్చకపోయినా సరే అన్నాను. ఒప్పుకున్నాడు.

ఇక్కడ మా వృత్తిలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. పాత గోడలో ఏ రంధ్రమైనా శాశ్వతంగా పూడ్చే ముందు, అప్పటికే అందులో కుక్కిన వదులు సరుకంతా తీసి, గట్టి రాయి తగిలేదాకా శుభ్రం చేయాలి. లేకపోతే కొత్త పని పట్టు పట్టదు. అంటే పూడ్చమన్న ఆర్డరే నాకు తెరిచే అధికారం ఇచ్చింది. ఏ పని ఏ క్రమంలో చేస్తామో ముందే రాసివ్వాలి, దాన్ని మెథడ్ స్టేట్‌మెంట్ అంటారు. అందులో మొదటి అంశంగా పాత పూడిక తొలగింపు అని రాశాను. విల్మట్ చూసి సంతకం పెట్టాడు. పెట్టక చస్తాడా, పద్ధతి అదే కదా.

సత్యాన్ని కూర్చోబెట్టి, పలుగు ముట్టుకోవద్దని చెప్పి, చెక్క పుల్లలతో, కుంచెతో పూడిక తీయించాను. వాడికి విసుగొచ్చింది.

"కన్నం మూయడానికి ఇంత భోగమేటండీ? రెండు దెబ్బలేస్తే ఊడొస్తది" అన్నాడు.

"నువ్వు రెండు దెబ్బలేస్తే నీ ఇఖామా నేనే రద్దు చేయిస్తా" అన్నాను. ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు. అది రద్దు చేయించే పెద్దరికం నాకు లేదని వాడికీ తెలుసు. నవ్వుకుంటూ పుల్ల అందుకున్నాడు.

రాళ్ళు ఒక్కొక్కటీ వచ్చాక గోడ మందం బయటపడింది. మూరకు పైనే ఉంది. ఆ మందం మధ్యలో, కన్నం అడుగున, ఒక తొట్టి కనబడింది. గోడలోనే తొలిచి, లోపలంతా జిప్సం గార రెండు పూతలు వేసి, మూలలు వేలితో గుండ్రంగా నున్నగా తీశారు. తొట్టి నిండా ఇసుక ఉంది. పైన ముతక, అడుగున పిండిలాంటి మెత్తటి ఇసుక. తొట్టి దాటాక, గది లోపలి వైపు, జానెడెత్తున ఒక గార గట్టు ఉంది. గాలి బయటినుంచి వస్తుంది, తొట్టి మీదికొచ్చేసరికి ఇసుక అందులో రాలిపోతుంది, గట్టు ఎక్కి గాలి మాత్రం గదిలోకి పోతుంది. చూసీ చూడగానే నాకు అర్థమైపోయింది. ఆ తొట్టి ముందు మోకాళ్ళ మీద కూలబడి పిచ్చివాడిలా నవ్వాను. సత్యం కంగారు పడ్డాడు.

దొంగ కన్నం వేసేవాడు ఇసుక రాలడానికి తొట్టి కట్టి, రెండు పూతల గార వేసి, మూలలు నున్నగా తీయడు. అంతకంటే గట్టి సాక్ష్యం ఆ గట్టు అంచు. జిప్సం గార మెత్తన. దాని మీదుగా ఒక్క బస్తా ఈడ్చినా అంచు పెచ్చులూడిపోవాలి. అది తాపీతో తీసిన నాటి పదునుతోనే ఉంది.

విల్మట్ వచ్చి చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. పనితనం బాగుందని మెచ్చుకున్నాడు. కానీ ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం నిజంగా మంచి అభ్యంతరమే. ప్లాను విప్పి చూపించాడు. ఇది స్టోరు గది. బస్తాలకు గాలి ఎందుకు? సామాన్లున్న గదికి ఒక కాపలావాడు ఇంత శ్రమపడి గాలి రప్పించాడంటే నమ్మేదెలా? గాలి కోసమని పైకి చెప్పుకోవడానికే తొట్టి కట్టి ఉండొచ్చు, బస్తాను ఇద్దరు పట్టి ఎత్తితే అంచుకు తగలకపోవచ్చు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రెండు వారాలు గడువిచ్చాడు. గార పని మిగతా గదుల వైపు తిప్పి, స్టోరు గదిని వదిలేశాను.

అబూ సాలెం రోజూ వస్తూనే ఉన్నాడు. ఏమైందని అడిగేవాడు కాదు. టీ ఇచ్చి నా ముఖం చూసేవాడు. ఇంకా తేలలేదు అని నేను చెబితే తల ఊపేవాడు.

ప్లానులో స్టోరు అని రాసి ఉంది, సరే. యుద్ధంలో కూడా అది స్టోరుగానే ఉందా? అక్కణ్ణుంచి మొదలుపెట్టాను. గదిలో సైనికులు వదిలేసిన చెత్త, మట్టి తీయించి అసలు నేల బయటపెట్టాం. తలుపుకు ఎదురు గోడ వెంట ఒక దిమ్మె ఉంది. మనిషి పడుకునేంత పొడవు, జానెడు ఎత్తు. దాని పక్కనే అలాంటిదే ఇంకొకటి. ప్లానులో ఈ దిమ్మెలు లేవు. వాటి పైన గోడకు దీపం పెట్టుకునే గూడు, గూట్లో మసి. బట్టలు తగిలించుకునే మేకుల గుంతలు. దిమ్మెలు రెండూ కన్నానికి ఎదురుగా, గాలి తిన్నగా తగిలే చోట ఉన్నాయి. ఆ గదిలో మనుషులు పడుకున్నారు.

మరి కాపలావాళ్ళకు విడిగా పాక ఉండాలి కదా, అందులో పడుకోక ఇక్కడెందుకు పడుకున్నారు? ప్లాను ప్రకారం పాక ఉండాల్సిన చోట గొయ్యి తవ్వించాను. అడుగున కాంక్రీటు దిమ్మ తగిలింది. దాంట్లోంచి తుప్పు పట్టిన లావుపాటి బోల్టులు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. చుట్టూ నూనె తాగి నల్లబడిన ఇసుక. అది ఇంజను బిగించిన దిమ్మ. వైర్‌లెస్‌కు కరెంటు కావాలి, కరెంటుకు ఇంజను కావాలి, ఇంజనుకు నీడ కావాలి. అధికారి గది ఇవ్వరు, గుమస్తా గది ఇవ్వరు, మూడో గది వైర్‌లెస్‌కే పోయింది. కాపలావాళ్ళ పాక ఇంజనుకిచ్చి, వాళ్ళను కిటికీ లేని స్టోరులోకి తోశారు. ఉద్యోగాల్లో స్థలం చాలనప్పుడు ఎవరు జరగాలో తేలే తీరు నేను రెండు దేశాల్లో చూశాను. ఎక్కడా తేడా లేదు.

ఇదంతా రాసి విల్మట్‌కు ఇచ్చాను. ఆసక్తికరంగా ఉందన్నాడు. ఇంగ్లీషువాడు ఆసక్తికరం అన్నాడంటే ఇంకా ఒప్పుకోలేదని అర్థం. కాగితం మీద ఇంక పని కాదని నాకు తెలిసిపోయింది.

జూలై వచ్చింది. మాకు వారం వారం సైట్ మీటింగు ఉండేది. ఏసీ ఉన్న రేకుల క్యాబిన్‌లో, ప్రభుత్వ అధికారి తలపక్క కుర్చీలో, సలహాదారు ఆయన కుడిపక్క, మా ప్రాజెక్టు మేనేజరు ఎడమపక్క, నేను చివర. ఆ వారం మీటింగు మిట్టమధ్యాహ్నానికి వేయించాను. అందరూ వచ్చాక, క్యాబిన్ ఏసీ పాడైంది, మన్నించాలి, లోపల గదిలో కుర్చీలు వేయించాను అని తీసుకెళ్ళాను. ఏసీకి ఏ రోగమూ లేదు. ఆ రోజుకు నేనే దానికి సెలవిచ్చాను.

స్టోరు గదిలో కూర్చోబెట్టాను. కన్నానికి సరిగ్గా పట్టేలా సత్యం చేత ఒక చెక్క పలక చేయించి, బయటినుంచి బిగించి ఉంచాను. బయట షమాల్ ఈల వేస్తోంది. లోపల ఆకు కదలనంత ఉక్క. నేను తాపీగా ఎజెండా మొదటి అంశం నుంచి చదవడం మొదలుపెట్టాను. సిమెంటు నిల్వలు. నీళ్ళ ట్యాంకరు ఆలస్యం. మా మేనేజరు నా వంక చంపేసేలా చూశాడు. ఫహద్ తలమీది గుడ్డ తీసి విసురుకున్నాడు. విల్మట్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మూడో అంశంలో ఉండగా ఫహద్, "యల్లా, బయటికి పోదాం, ఇక్కడ మనిషన్నవాడు ఉండగలడా" అన్నాడు.

నేను అందుకోసమే కాచుకుని ఉన్నాను. "సత్యం, తియ్" అని తెలుగులో కేకేశాను.

పలక ఊడింది. గాలి గదిలోకి దూసుకొచ్చింది. వేడిగాలే. కానీ వచ్చీ రాగానే అందరి ఒంటి మీద చెమట ఆరడం మొదలైంది. ఫహద్ తనకు తెలియకుండానే కుర్చీ వదిలి దిమ్మె మీద కూర్చున్నాడు. అక్కడ ఇంకా బాగా తగులుతుంది మరి. విల్మట్ లేచి, కన్నం దగ్గరకు పోయి, తొట్టిలో చెయ్యి పెట్టాడు. అప్పుడే రాలిన ఇసుక ఆయన వేళ్ళకంటింది. చెయ్యి దులుపుకుని, ప్లాను చుట్టి గొట్టంలో పెట్టేశాడు.

"ఆ తనిఖీ అధికారిని ఒక్క మధ్యాహ్నం ఇక్కడ కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది" అన్నాడు. తర్వాత, తన నివేదిక తనే మారుస్తానన్నాడు. పని తెలిసిన మనిషని చెప్పాను కదా. ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. కన్నం తెరిచే ఉంచాలని, దిమ్మెలు అలాగే కాపాడాలని, బోర్డు మీద మాట మార్చాలని తీర్మానం రాసుకున్నాం. "ఖలాస్" అన్నాడు ఫహద్, దిమ్మె మీంచి లేవకుండానే. ఏసీ సంగతి కూడా వాళ్ళకు అర్థమైంది. ఎవరూ పైకి అనలేదు.

బయటికొచ్చి అబూ సాలెం దగ్గరకు నడిచాను. ఆయన పికప్పు దిగి నిలబడి ఉన్నాడు. చెప్పాల్సింది తూచి చెప్పాను. ఆ కన్నం దొంగతనానికి వేసింది కాదు, ఊపిరాడని గదిలో పడుకునే మనుషులు గాలి కోసం కట్టుకున్నది. ఇంతవరకు ఏ కోర్టులోనైనా నిలబడి చెబుతాను. మీ నాన్న ఎప్పుడైనా చక్కెర తీశాడా లేదా అన్నది మాత్రం గోడ చెప్పలేదు, నేనూ చెప్పలేను.

"వాళ్ళ దగ్గర కన్నం తప్ప ఇంకేం సాక్ష్యం ఉంది?" అని అడిగాడు.

"నాకు తెలిసి ఇంకేమీ లేదు."

"బస్" అన్నాడు. చాలు అని.

లోపలికి వస్తారా అని అడిగాను. గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. రెండు దిమ్మెలనూ చేత్తో తడిమి, ఒకదాని మీద పడుకున్నాడు. గాలి ముఖానికి కొడుతుంటే కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నా తుడుచుకోలేదు. నేను పక్క దిమ్మె మీద కూర్చున్నాను. సత్యం గుమ్మంలోంచి తొంగిచూసి, పనివాళ్ళను అవతలికి తోలుకుపోయాడు.

కళ్ళు తెరవకుండానే ఆయన ఒక మాట అడిగాడు. అది దొంగ కన్నమేనని తేలి ఉంటే, నిజంగా నాకు చెప్పేవాడివా అని. చెప్పేవాణ్ణి అన్నాను. చెబుతావనే నిన్ను అడిగానన్నాడు. తన వాళ్ళెవరైనా అయితే ముసలివాణ్ణని జాలిపడి, తనకు కావలసిందే చెప్పి పంపేవాళ్ళట. అప్పుడు తను దాన్ని నమ్మగలిగేవాడు కాదట.

తర్వాత లేచి కూర్చుని, తనకు గుర్తున్న ఒకే ఒక్క సంగతి చెప్పాడు. అంతవరకూ ఎందుకు చెప్పలేదని అడిగితే, దానికి అర్థం తనకే ఇప్పుడు తెలిసిందన్నాడు. తనిఖీ జరిగిన రోజు తల్లి ఇచ్చిన అన్నం గిన్నె పట్టుకుని తను పోస్టుకు వచ్చాడట. ఆ తెల్ల అధికారి గోడకు అవతల, ఎండలో నిలబడి ఉన్నాడు. చేతిలో పెద్ద కాగితం విప్పి పట్టుకుని, కాగితం వంక ఒకసారి, కన్నం వంక ఒకసారి చూశాడు. పక్కనున్నవాళ్ళతో ఏదో అన్నాడు. కాగితం మడుచుకుని బండెక్కి వెళ్ళిపోయాడు.

"లోపలికి రాలేదు, యా మొహందిస్" అన్నాడు అబూ సాలెం. "ఈ గదిలో అడుగే పెట్టలేదు."

బోర్డు మీద కాపలావాళ్ళ పేర్లు వేయడం విభాగం నిబంధనల్లో లేదు. యుద్ధకాలంలో ఈ పోస్టు కాపలావాళ్ళు తాము పడుకునే గదికి గాలి కోసం ఇది కట్టుకున్నారు అని మాత్రం రాశారు. నాకది అసంతృప్తే. నాలుగైదుసార్లు పోట్లాడాను, పని జరగలేదు. అబూ సాలెం మాత్రం దాంతో తృప్తిపడ్డాడు. తండ్రి పేరు ఆ ఒడ్డున అందరికీ తెలుసని, చెరపాల్సిన మాట చెరిగితే చాలని అన్నాడు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా మరెన్నో పాత కట్టడాలు నా చేతుల మీదుగా నడిచాయి. ప్రతిచోటా ఒక నియమం పెట్టుకున్నాను. ప్లాను విప్పడానికి ముందు ఆ ఊళ్ళో ఎండో వానో భరించలేని నెలల్లో, రోజులో కష్టమైన వేళకు, ఆ ఇంట్లో అన్నిటికన్నా అధ్వాన్నమైన గదిలోకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. నా కింద పనిచేసిన ఇంజనీర్లను కూడా కూర్చోబెట్టాను. గొణుక్కునేవారు, తిట్టుకునేవారు. ఆ గదిలో ఎవరు ఉండాల్సొచ్చిందో తెలిశాక గోడకు పడ్డ దెబ్బల్లో చాలావాటికి కారణం దానంతటదే దొరుకుతుంది. కాగితం ఆ తర్వాత చూసుకోవచ్చు.